వదిన రీడింగు

సెమినార్ హాల్లో అందరి ముందూ పొట్టి లేచి నిలబడ్డ చోట మనం ఆగాం. ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు.

పొట్టి ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ పేరు అన్నయ్య పెట్టింది. ఎత్తుకు తగ్గ పేరే గానీ, చదువులో ఆమె ఎవరి వెనకా నిలబడి ఎరగదు. అలాంటిది, పెళ్లయి పదేళ్లు ఇల్లు చక్కబెట్టుకున్న వదిన, ఉన్నట్టుండి అదే క్లాసులో చేరింది. చేరిన మొదటివారంలోనే ల్యాబులో నలుగురూ వింటుండగా "పొట్టీ, ఆ పిపెట్ ఇలా ఇయ్యి" అంది. అంతే, ఆ రోజు నుంచి డిపార్ట్‌మెంటు మొత్తానికీ ఆమె పొట్టే అయింది. ఆ తరవాత వదిన మార్కులు పెరిగాయి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. ముఖంలో రంగులు మారే తీరుని బట్టి పిల్లలు లిట్మస్ మేడమ్ అని పిలుచుకునే ప్రొఫెసరుగారు, తన రీసెర్చి ప్రాజెక్టులో ఉన్న ఒకే ఒక్క సీటు వదినకే అన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు.

ఫ్యాక్టరీ షెడ్ల వెనక కాలువ వెంబడి ఉన్న చేతిపంపుల నీళ్లు పరీక్షించే పని వదినది. ఒక పంపులో క్రోమియం విషమయ్యేంత ఉందని ఆమె సెమినార్లో చెప్పింది. అప్పుడు లేచింది పొట్టి.

"గాజుసామాను దేనితో కడిగావు, వదినా?"

ఆ ప్రశ్నలో ఉన్న విషం కెమిస్ట్రీ తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. గాజు తళతళలాడాలంటే పాతకాలం నుంచీ ల్యాబుల్లో క్రోమిక్ ఆమ్లంతో కడుగుతారు. క్రోమియం కోసం వెతికేవాళ్లు ఆ పని చేస్తే నీళ్లలో లేని క్రోమియం గాజులోంచి వచ్చి చేరుతుంది. దొంగని పట్టుకోవడానికి దొంగనే కాపలా పెట్టినట్టు. మొదటి సంవత్సరం పిల్లలు చేసే తప్పు అది.

వదిన జవాబు చెప్పలేదు. కాగితాలు సర్దుకుని స్టేజీ దిగింది.

"సరే," అన్నారు మేడమ్, ముఖం కందిపోయి. "పొట్టీ, అదే పంపు నీళ్లు నువ్వు తెచ్చి మొదటి నుంచీ చెయ్యి. నువ్వు చెప్పేదాన్ని బట్టి సీటు సంగతి చూద్దాం."

*

మర్నాడు పొద్దున పొట్టి పండగ చేసుకునే మనసుతో నిద్ర లేచింది. వంటింట్లో అమ్మ పక్కింటావిడతో కిటికీలోంచి మాట్లాడుతోంది. "మా కోడలు చదివే చదువు మామూలుది కాదమ్మా. నీళ్లలో కంటికి కనబడనివన్నీ కనిపెడుతుంది" అంటోంది. ఏడాది కిందటి వరకూ ఈ మాటల్లో 'కోడలు' ఉన్నచోట 'అమ్మాయి' ఉండేది. తక్కిన వాక్యం అక్షరం మారలేదు.

హాల్లో అన్నయ్య చెప్పులు వేసుకుంటున్నాడు. కుళాయిలకీ బళ్ల హ్యాండిళ్లకీ క్రోమ్ పూత వేసే షెడ్డు అతనిది. ఇద్దరి ఫీజులూ అందులోంచే వస్తాయి.

"ఏంటే పొట్టీ, మీ వదిన నిన్నట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ల్యాబులో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"నన్నడుగుతావేంటి? నీ పెళ్లాన్నే అడుగు."

"అడిగితే ఏమీ లేదంటోంది. నువ్వు కాస్త చూసుకోవే, పదేళ్ల తరవాత పుస్తకం పట్టుకుంది కదా."

చూసుకోవాలట. ఇదివరకు సాయంత్రం ఇంటికి రాగానే "ఇవాళ ఏం కనిపెట్టావే?" అని పొట్టిని అడిగేవాడు. ఇప్పుడా ప్రశ్న వంటింటి గడప దాటి లోపలికి పోతోంది. పొట్టి కొత్త ప్లాస్టిక్ సీసాలు సంచిలో వేసుకుని బయటపడింది. గాజు జోలికి వెళ్లలేదు. తన పనిలో ఎవరూ వేలెత్తి చూపించే సందు ఉండకూడదు.

పంపు దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి. చంకలో పిల్లతో ఒకావిడ పంపు కొడుతూ, "మొన్న ఒకావిడ వచ్చి పట్టుకెళ్లింది, మళ్లీ ఎందుకమ్మా? ఏమైనా ఉందా నీళ్లలో?" అని అడిగింది.

"ఏమీ లేదండీ. ఆవిడకి కొంచెం కంగారెక్కువ."

ఆ మాట అంటున్నప్పుడు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నంత తియ్యగా ఉంది పొట్టికి. సీసాలు నింపుకుంది. పేరు, వేళ రాసి అంటించింది. అక్కడితో తిరిగొచ్చేస్తే ఈ కథ వేరేగా ఉండేది. కానీ పని శుభ్రంగా చెయ్యాలన్న పట్టుదల కొద్దీ, కాలువలోంచి కూడా ఒక సీసా నింపుకుందామని గట్టు వెంబడి నడిచింది.

షెడ్ల ముందు భాగాలు ఆమెకి తెలుసు. వెనక భాగం ఎప్పుడూ చూడలేదు. తుప్పు పట్టిన రేకులు, అడ్డదిడ్డంగా గొట్టాలు. ఒక గొట్టంలోంచి సన్నని ధార కాలువలోకి పడుతోంది. ధార పడే చోట మట్టి, విషపు క్రోమియం రంగులో, పసుపుపచ్చగా మారి ఉంది. సీసా మూత తీసి వంగింది. గోడ అవతల ఎవరో దగ్గారు. ఆ వెంటనే, "తొట్టిలోంచి ఆ హ్యాండిల్ తియ్యవోయ్, ఎంతసేపని నానబెడతావు?" అని కేక వినిపించింది.

ఆ గొంతు పొట్టి పుట్టినప్పటి నుంచీ వింటున్న గొంతే. అన్నయ్యది.

*

ల్యాబుకి తిరిగొచ్చేదాకా తనకి తాను సర్ది చెప్పుకుంటూనే ఉంది. పక్కపక్కనే ఎన్ని షెడ్లు లేవు? ఆ పసుపు మట్టి రంగే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అసలు వదిన రీడింగే తప్పు కదా.

క్రోమియం పరీక్ష చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. నీళ్లలో కాస్త ఆమ్లం కలిపి, పేరు పలకడానికి నోరు తిరగని ఒక మందు వెయ్యాలి. విషపు క్రోమియం లేకపోతే నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. ఉంటే వంగపండు రంగు తిరుగుతుంది. ఎంత చిక్కటి రంగైతే అంత విషం. పొట్టి ముందు స్వేదనజలంతో చూసింది. రంగు తిరగలేదు. తన పనిముట్లలో దోషం లేదు. తరవాత పంపు నీళ్లు తీసుకుంది. మందు వేసి కలిపింది.

రంగు అడుగు నుంచి పొగలా లేచింది.

యంత్రంలో పెట్టి చూస్తే అంకె వదిన చెప్పినదానికి పక్కనే నిలబడింది. కాలువ నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వాటిని ఎన్నో రెట్లు పలచన చేస్తే గానీ యంత్రం చదవలేకపోయింది.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది పొట్టికి. ఆ క్షణంలో ఆమెకి మొదట కలిగిన బాధ అన్నయ్య గురించి కాదు, బిందెల గురించీ కాదు. వదిన తప్పు చెయ్యలేదన్న బాధ. అది తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. అయినా బాధ బాధలాగే ఉంది.

తలెత్తేసరికి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఆమె చూపు వంగపండు రంగు మీదే ఉంది.

"బ్యాలెన్సు గదిలోకి రా" అంది పొట్టి.

తూకం కదలకూడదని ఆ గదిలో ఫ్యాను పెట్టలేదు. కిటికీ తెరవరు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. వదిన లోపలికొచ్చి తలుపు వేసింది.

"ఆ గొట్టం అన్నయ్య షెడ్డుదని నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నీళ్లు తేకముందు నుంచే అనుమానం. తెచ్చాక అనుమానం పోయింది."

"గాజుసామాను..."

"నేనూ ప్లాస్టిక్ సీసాలే వాడాను. ల్యాబులో గాజంతా క్రోమియం లేని నైట్రిక్ ఆమ్లంతో కడిగాను. మొదటి సంవత్సరం పిల్లననుకున్నావా నన్ను?" అంది వదిన. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "అక్కడే చెప్పేసి ఉంటే నా రీడింగు నిలబడిపోయేది. నిలబడితే వెంటనే ఆ కాలువలోకి వదిలేది ఎవరని అడుగుతారు. నువ్వు లేచి అడగ్గానే, నిజం చెప్పాలంటే, బతికించావు తల్లీ అనుకున్నాను."

"అంత భయమున్నదానివి సెమినార్లో ఎందుకు చూపించావు?"

"ఆ పంపు దగ్గర చంటిపిల్లతో ఒకావిడ ఉంటుంది, చూశావా?"

పొట్టి తల ఊపింది.

"ఆవిడ నాకు తాగమని గ్లాసుతో ఆ నీళ్లే ఇచ్చింది. తాగలేదు నేను. దాహం లేదని చెప్పాను. అలా చెప్పి వచ్చేశాక చూపించకుండా ఎలా ఉండను? స్టేజీ ఎక్కేదాకా ధైర్యంగానే ఉంది. చెప్పేశాక మీ అన్నయ్య గుర్తొచ్చాడు."

ఈ చివరి మాట పొట్టికి గుచ్చుకుంది. అన్నయ్య గుర్తు రావడానికి ఈవిడెవరు? ఆవిడెవరో తెలియక కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఆ అర్ధం కూడా తన చేతిలోంచి జారిపోయి చాలాకాలమైంది.

"పెద్ద గొప్పగా చెప్తున్నావు గానీ వదినా, నువ్వీ కోర్సులో ఎందుకు చేరావో నాకు తెలియదా? ఇంట్లో ఒకళ్లకే పేరుంటే నీకు గిట్టలేదు."

వదిన ఆమె వంక చూసింది. చెప్పాలా వద్దా అని లోపల తూచుకుంటున్నట్టుంది.

"మీ అన్నయ్యకి పొద్దున్నే ముక్కులోంచి రక్తం పడుతోంది. మూడేళ్లయింది."

పొట్టికి వెంటనే అర్థం కాలేదు. "ఏం పడుతోంది?"

"రక్తం. వేడి చేసిందని ఒక డాక్టరు అన్నాడు, దుమ్మని ఇంకొకాయన అన్నాడు. వేళ్ల సందుల్లో పుళ్లున్నాయి. గుండ్రంగా, మేకుతో పొడిచినట్టు. మానవు. ఎప్పుడూ చేతులు జేబుల్లో పెట్టుకుని తిరుగుతాడే, స్టయిలనుకున్నావా? ఏ డాక్టరూ నువ్వు ఏం పని చేస్తావని అడగలేదు. ఎప్పుడో డిగ్రీలో చదివిన కెమిస్ట్రీ నాకు సగమే గుర్తుంది. షెడ్డులో పూత వేసే తొట్టిలోని పసుపు నీళ్ల వల్లేనేమోనని అనుమానం. రూఢిగా చెప్పే చదువు లేదు. లేకుండా చెబితే వింటాడా ఆయన? నీ అన్నయ్యే కదా. అందుకే ఈ కోర్సులో చేరాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్దామన్నాను. వద్దన్నాడు. పొట్టికి తెలిస్తే పరీక్షలు మానేసి కూచుంటుంది, చెప్పకు అన్నాడు."

చిన్నప్పుడు సైకిలు మీంచి పడి మోకాలు చిట్లించుకున్నప్పుడు అన్నయ్య నేరుగా చెల్లెలి దగ్గరికే వచ్చాడు. ఇంకు సీసా పగలగొట్టినప్పుడూ, పరీక్ష తప్పినప్పుడూ అంతే. "అమ్మకి చెప్పకే" అనేవాడు. ఆ మాట వినడం కోసమే వాడు ఇంకోసారి పడితే బాగుండుననుకునేది పొట్టి. ఇప్పుడూ అతను "చెప్పకు" అన్నాడు. వేరే ఎవరితోనో. తన గురించి.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు. ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే ఎవరో రక్తం తుడుస్తున్నారు, రుమాళ్లు విడిగా ఉతుకుతున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. పక్కగదిలో తాను నిద్రపోతోంది. మార్కులు, సీటు, అమ్మ పొగడ్తలు, అన్నీ వదిన లాక్కుంది సరే. ఇది మాత్రం లాక్కోలేదు. అన్నయ్యే పిలిచి ఇచ్చాడు.

"ఇప్పుడేం చేద్దామంటావు?" అంది పొట్టి.

వదిన గొంతు తగ్గించింది. "నాది తప్పని మేడమ్‌తో చెప్పెయ్. గాజుసామాను వల్లే అలా వచ్చిందని చెప్పు. సీటు నీకే వస్తుంది, రావాల్సింది కూడా నీకే. నేను ఇంట్లో ఆయనకి నచ్చజెప్పి ఆ గొట్టం మూయిస్తాను. పంపు దగ్గరికి వెళ్లి, నీళ్లు తాగొద్దని వాళ్లకి నేనే చెప్తాను. ఒక్క నెల చాలు."

"నీ చదువు?"

"నాకు కావలసింది తెలిసిపోయింది కదా. ఇంక దేనికి?"

అంటూ నవ్వింది కూడా. పొట్టి నెలల తరబడి కోరుకున్నదంతా అరచేతిలో పెట్టి అందిస్తోంది వదిన. ఒక్క అబద్ధం చాలు. అన్నయ్య గడ్డన పడతాడు, సీటు తనదవుతుంది, వదిన వంటింట్లోకి తిరిగి వెళ్లిపోతుంది. మరి అందుకోవడానికి చెయ్యి ఎందుకు రావడం లేదు?

ఎందుకంటే, ఎప్పటికైనా నిజం బయటపడుతుంది. అప్పుడు అమ్మ ఆ కిటికీలోంచే పక్కింటావిడకి చెప్తుంది: "మా కోడలు చదువు వదులుకుని నా కొడుకుని కాపాడుకుందమ్మా" అని. అన్నయ్య బతికినంత కాలం ఆ మాటే తలుచుకుంటాడు. పొట్టి సీటు వదిన పెట్టిన భిక్ష అవుతుంది. ఓడిపోవడంలో కూడా తనకంటే ఈవిడే పైనా?

"చూస్తాను" అని తలుపు తీసుకుని బయటికొచ్చింది.

*

మేడమ్ గది కారిడార్ చివర ఉంది. అంత దూరమూ పొట్టి నోట్లో రెండు జవాబులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. తలుపు తట్టినప్పుడు కూడా ఏది ముందు బయటికొస్తుందో ఆమెకే తెలియదు.

"ఏం తేలింది?" అన్నారు మేడమ్, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

"వదిన రీడింగు కరెక్టే, మేడమ్. నాకూ దాదాపు అంతే వచ్చింది. నిన్న నేను అడిగిన ప్రశ్నే తప్పు."

ధర్మం గుర్తొచ్చి చెప్పిందని రాస్తే ఆమె గురించి అబద్ధం రాసినట్టవుతుంది. చంటిపిల్లతో పంపు కొట్టే ఆవిడ గుర్తు రాకపోలేదు. మేకుతో పొడిచినట్టున్న పుళ్లూ గుర్తు రాకపోలేదు. తొట్టి మూతపడితేనే అవి మానతాయనీ, వదిన నచ్చజెప్పడం వల్ల మూతపడదనీ చెల్లెలికి తెలుసు. కానీ ఆ మాటని నోరు దాటించింది మాత్రం వేరే. వదిన చేతి మీదుగా ఏదీ తీసుకోను. అంతే.

మేడమ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఆ కాలువలోకి వదులుతున్నది ఎవరో చూశావా?"

"చూశాను." రీడింగు కాగితం బల్ల మీద పెట్టింది. "మా అన్నయ్య షెడ్డు, మేడమ్."

మేడమ్ ముఖంలోంచి ఎరుపు దిగిపోయి, ఏదో మెత్తదనం వచ్చింది. "సొంత అన్న అని తెలిసి కూడా చెప్పావా?" అన్నారు. "కూర్చో, అమ్మా."

ఈ ఏడాదంతా మేడమ్ వదినని చూసిన చూపు అది. మొదటిసారి పొట్టి మీద నిలిచింది. సిగ్గుపడాల్సిన సమయమే అయినా, ఎండలో నడిచొచ్చినవాడికి చల్లని నీళ్లు దొరికినట్టనిపించింది ఆమెకి. కూర్చుంది.

"నేను ఊరుకోకూడదు, తెలుసు కదా" అన్నారు మేడమ్. "ఇవాళే కాలుష్య నియంత్రణ ఆఫీసుకి చెప్పాలి. ముందు పంపు మూయిస్తారు. తరవాత షెడ్డు. కేసు కూడా పెడతారు. పని ఎవరు చేయించారని వాళ్లు చూడరు. లైసెన్సు ఎవరి పేరు మీదుంటే బాధ్యత వాళ్లదే. మీ అన్నయ్య పూర్తి పేరు చెప్పు."

పొట్టి నోరు తెరిచేలోపే వెనక నుంచి మాట వినిపించింది.

"ఆయన పేరు మీద లేదు, మేడమ్."

వదిన ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది గానీ మాట తొణకలేదు.

"లైసెన్సు నా పేరు మీద ఉంది. పెళ్లయిన కొత్తలో నా పేరు కలిసొస్తుందని తీసుకున్నారు. జైలంటూ ఉంటే వెళ్లాల్సింది నేనే."

పొట్టి కుర్చీలోంచి లేచింది. ఇంట్లో ఏ కాగితం ఎవరి పేరు మీదుందో ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. బ్యాలెన్సు గదిలో వదిన తగ్గు గొంతుతో బతిమాలింది ఎవరి కోసం? భర్త కోసమా, తన కోసమా? ఏది నిజమైనా, ఇప్పుడు దాని మీద గురిచూసి రాయి విసిరింది మాత్రం పొట్టి.

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. వదిన వంక చూశారు, పొట్టి వంక చూశారు. నిన్నటి సెమినార్ హాలు, ఆ ప్రశ్న, దాని వెనక ఉన్న మంట, అన్నీ ఆవిడకి వరసగా గుర్తొస్తున్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి. ఇందాకటి మెత్తదనం జాడ కూడా లేదు.

"లైసెన్సు మీ వదిన పేరు మీదుందని నీకు ముందే తెలుసా?" అని పొట్టిని అడిగారు.

పొట్టి వదిన వైపు తిరిగింది, ఆవిడైనా తన తరఫున ఒక్క మాట చెబుతుందేమోనని.

వదిన కూడా జవాబు కోసమే ఎదురుచూస్తోంది.